‘తమ్ముడు’ అను అచ్చక్షరములు

ఈ సంచికలో విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును మనవి చేయదలచిన విషయము వ్యాకరణము కాదు, ఛందస్సు కాదు. అది అచ్చక్షరముల రూపమును గూర్చినది. ఇది పాఠ్యక్రమములో లేని విషయము గదా యని కొందఱు అనుకొనవచ్చును. కాని మన సోలాపూరు పూర్వభాగములో తెలుగు అక్షరము పిల్లల కంటబడు చోట్లు ఎన్ని కలవో లెక్కింపుడు. బడిపుస్తకము, గుడిగోడ, పెండ్లి శుభలేఖ, బతుకమ్మ పండుగ కరపత్రము, శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయస్వామి రథోత్సవమునకై వీధులలో కట్టు ఫ్లెక్సులు. దాదాపు ఇంతే. వరంగల్లులోనో కరీంనగరములోనో వీధి వెంట నడచు పిల్లవానికి అడుగడుగునను తెలుగు కనబడును. ఆ జిల్లాలనుండి తాతముత్తాతలు మగ్గములతో వచ్చి స్థిరపడిన మన పేటలలో పిల్లవానికి అట్లు కనబడదు. కావున కనబడు ఆ నాలుగు అక్షరములైనను ఎట్లున్నవను ప్రశ్న మనకు చిన్నది కాదు.

మన పేటలో అచ్చయిన ఏ శుభలేఖనైనను తెఱచి చూడుడు. మరాఠీలో వ్రాసిన వధూవరుల పేర్లు లావుగా, నున్నగా, రంగు నిండి, పండుగ ముఖముతో నుండును. వాని క్రింద తెలుగు పేర్లు సన్నగా, వెలవెలబోయి, పిలువని పేరంటమునకు వచ్చినట్లుండును. ఏడవ తరగతి బాలిక యొకతె ఒకనాడు మమ్మడిగెను: “సార్, మరాఠీ అక్షరాలు పడుచుగున్నయి, తెలుగువి ముసలిగున్నయి, ఎందుకు?” ఇందులో ఎవరి ద్వేషమును లేదు. అచ్చువేయువాని కంప్యూటరులో దేవనాగరికి నూరు రకముల అక్షరములుండును. తెలుగునకు ఒకటో రెండో, యంత్రముతో పాటు వచ్చినవి మాత్రమే యుండును. అతడు ఉన్నదానిని పెట్టును. తెచ్చియిమ్మని మనమును అడుగము.

ఆ బాలిక ప్రశ్నకు సమాధానముగా మేము చూపదలచినది ‘బాలూ’ అను అక్షరముల కుటుంబము. ఇట్టి అక్షరముల వరుసను కంప్యూటరు భాషలో ఫాంటు అందురు. ముంబయిలోని ‘ఏక్ టైప్’ అను అక్షర రూపశిల్పుల బృందము దీనిని తయారుచేసి, 2016లో గూగుల్ ఫాంట్స్ ద్వారా అందఱికిని ఉచితముగా విడుదల చేసినది. బాలూ యనగా ఎలుగుబంటి. పేరునకు తగినట్లే అక్షరములు బొద్దుగా, మెత్తగా, బొచ్చు కప్పుకొన్నట్లు గుండ్రముగా నుండి, అచ్చటచ్చట మాత్రము చిన్న గోళ్లవంటి మొనలతో నుండును. పిల్లల పుస్తకముల అట్టలకు, మిఠాయి పొట్లములకు, పుట్టినరోజు పత్రికలకు, బడి వార్షికోత్సవపు ఫ్లెక్సులకు ఇది చక్కగా నమరును.

దీని విశేషము రూపములోనే కాక పేర్లలో కూడ కలదు. ఒకే లావు, ఒకే స్వభావము గల అక్షరములను దేశములోని వేర్వేఱు లిపులలో గీసి, ఒక్కొక్క లిపికి ఆ భాషలో సోదరుని పిలుచు మాటను చేర్చిరి. గుజరాతీ ‘బాలూ భాయ్’, పంజాబీ ‘బాలూ పాజీ’, బంగాళీ ‘బాలూ దా’, ఒడియా ‘బాలూ భాయినా’, తమిళము ‘బాలూ తంబి’, మలయాళము ‘బాలూ చేట్టన్’, కన్నడము ‘బాలూ తమ్మ’, ఉర్దూ లిపికి ‘బాలూ భాయిజాన్’. మన తెలుగు ‘బాలూ తమ్ముడు’. మరాఠీ, హిందీలకు చెందిన దేవనాగరికి మొదట బంధుత్వపు మాట యేదియు లేదు, ఊరక బాలూ. మలయాళము అన్నగారయ్యెను, మనము తమ్ముడమైతిమి గదా యని పౌరుషపడ నక్కఱలేదు. తమ్ముడు, తమ్మ, తంబి యను మూడు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మూడును ఒకే మూలమునుండి పుట్టినవని మీకే తెలియును. భాషాచరిత్ర పాఠము ఫాంటు పేర్లలోనే దొరకినది.

ఇక సోలాపూరు సంగతి. మన ఊరిలో మరాఠీ, తెలుగు, కన్నడము, ఉర్దూ నాలుగును ఇండ్లలో మాట్లాడు భాషలు. నాలుగింటికి నాలుగు లిపులు. ఈ నాలుగు లిపులును ఒకే కుటుంబపు అక్షరములతో, ఒకే లావుతో, ఒకే కాగితముపై నిలువగల వసతి మన తాతలకు లేదు. సీసపు అక్షరములు పేర్చు కాలములో ఒక్కొక్క లిపికి ఒక్కొక్క పెట్టె కావలెను. ఒక పెట్టెలోని దానికి మఱొక పెట్టెలోని దానితో పోలిక యుండవలెనను నియమము లేదు. హైదరాబాదులో మేము తెలుగు పండిత శిక్షణ పొందు దినములలో ఈ విషయము మాకు తోచనే లేదు. అచ్చట తెలుగు అక్షరము ఇంగ్లీషు ప్రక్కన నిలుచును, లేదా ఒంటరిగా నిలుచును. దేవనాగరి ప్రక్కన దినదినము నిలువవలసిన అవసరము ఇచ్చటికి వచ్చిన పిమ్మట గాని మాకు తెలిసిరాలేదు.

ఈ రెండు లిపులను జోడించుట ఏల కష్టమో చూతము. ‘మార్కండేయ’ అను పదమును తీసికొనుడు. మన పేటలో ఈ పేరు వ్రాయరాని పిల్లవాడుండడు. మరాఠీలో వ్రాయునపుడు సగము రకారము కొక్కెమువలె కకారము తలపైకెక్కును. సున్న చుక్కయై అదియు తలపైననే కూర్చుండును. డకారముపై ఏత్వపు గీతయు పైననే. అనగా మరాఠీలో సందడి యంతయు శిరోరేఖకు పైన. తెలుగులో రకారము నేలపై నిలువగా కకారము ఒత్తుగా మారి దాని క్రిందికి దిగును. సున్న నిండు వృత్తమై వరుసలో ఒక అక్షరమంత చోటు నాక్రమించును. ఒకే మాట, ఒకటి మేడ యెక్కినది, ఒకటి నేలమాళిగలోనికి దిగినది.

ఇప్పుడు అచ్చువేయువాడు రెండింటిని ఒకే ఎత్తుగల పట్టీలో ఇముడ్చవలెనని చూచును. తెలుగు పదమును క్రింది ఒత్తుతో సహా కొలిచి ఆ పట్టీకి సరిపోవునట్లు తగ్గించును. ఒత్తు పట్టినది, కాని అసలు అక్షరము చిన్నదైపోయెను. దేవనాగరి ముందఱ తెలుగు కుంగినట్లు కనబడుటకు ముఖ్యకారణ మిదియే. కొలువవలసినది అక్షరపు ఒడలిని, ఒత్తును గాదు. ఒత్తునకు వేఱుగా క్రింద చోటు విడువవలెను.

నామఫలకముల విషయములో ఇది మఱింత అవసరము. మహారాష్ట్రలో 2022లో సవరించిన దుకాణముల చట్టము ప్రకారము ఫలకముపై మరాఠీ పేరు దేవనాగరిలో తప్పక ఉండవలెను. ఇతర లిపుల అక్షరములు దానికంటె పెద్దవి కారాదు. పెద్దవి కారాదనిరి గాని సమానముగా నుండరాదని అనలేదు. మన దుకాణదారులలో కొందఱు ఈ తేడాను గమనింపక తెలుగును పూర్తిగా తీసివేయుట విచారకరము.

గుండ్రదనమును గూర్చి ఒక మాట విపులముగా చెప్పవలసియున్నది. రోమను లిపిలో నిలువుగీతలు, అడ్డగీతలు, కోణములు మెండు. అందుచేత ఆ లిపిలో కొనలను గుండ్రముగా మార్చినంతనే అక్షరమునకు నవ్వు ముఖము వచ్చును. 1922లో అమెరికాలోని షికాగోలో ఆస్వాల్డ్ కూపరు అను నతడు గీసిన ‘కూపర్ బ్లాక్’ అట్టిది. నూఱేండ్లు దాటినను ఆ బొద్దు అక్షరములు దుకాణముల బోర్డులపై నేటికిని కనబడుచున్నవి. దేవనాగరికి శిరోరేఖయు నిలువుగీతయు ప్రాణము. వానిని మెత్తపఱచినచో అదియు వేషము మార్చినట్లే యుండును.

తెలుగున కట్లు కాదు. మన అక్షరము పుట్టుకతోనే గుండ్రము. తాటాకుపై గంటముతో గీయునపుడు తిన్నని గీతలు ఆకును చీల్చుననియు, అందుచేత దక్షిణదేశపు లిపులు వంపులు తిరిగెననియు చెప్పుట వాడుక. కాని తమిళులును తాటాకుపైననే వ్రాసిరి. వారి లిపిలో తిన్నని గీతలు నేటికిని మిగిలియున్నవి. కావున ఆ సమాధానము సగపాలేనని మా యభిప్రాయము. కారణమేదైనను, గుండ్రదనము మనకు వేషము కాదు, ఒడలు. తెలుగులో ఒక అక్షరమును గుండ్రముగా గీసితిమన్న మాత్రమున అది ఉల్లాసముగా కనబడదు. గంభీరమైన పురాణగ్రంథములోని అక్షరము కూడ గుండ్రముగానే యుండును గదా. మఱి ఉల్లాసము ఎచ్చటినుండి రావలెను? గీత లావునుండి, కొనల మొద్దుదనమునుండి, తలకట్టు కూర్చున్న తీరునుండి రావలెను. కొంచెము ప్రక్కకు పెట్టిన టోపీవలె తలకట్టు నిలిచిన చాలు, అక్షరము ఆడుకొనుచున్నట్లుండును.

లావు పెంచుటలో చిక్కు కలదు. మన అక్షరముల పొట్టలలో చిన్న చిన్న గదులుండును. ‘ణ’లోని మెలిక, ‘థ’లోని చుక్క, ‘ష’లోని గీత ఆ గదులలోనివి. గీత లావైన కొలది గది ఇఱుకగును, చివరకు పూడిపోవును. అప్పుడు ‘థ’కును ‘ధ’కును భేదముండదు, ‘ష’ ‘ప’గా కనబడును. దానిని తప్పించుటకు రూపశిల్పి పొట్టను వెడల్పు చేయును, గీతలు కలియుచోట కొంచెము సన్నము చేయును, లోపలి చుక్కకు ఊపిరాడునంత చోటు విడుచును. ఒత్తులను ప్రధానాక్షరముకంటె పలుచని గీతతో గీయును గాని మఱీ పలుచన చేయరాదు. చేసినచో తల్లి బొద్దుగాను, చంకలోని బిడ్డ బక్కగాను కనబడును. మన వర్ణమాలలోని అక్షరములకు ఒత్తులను, గుణింతములను కలిపి ఎన్ని రూపము లగునో లెక్కించినచో, ఒక తెలుగు ఫాంటు గీయుట ఎంతటి ఓపికతో కూడిన పనియో తెలియును.

నేతపనివారి బిడ్డలకు ఈ శ్రమ తెలియనిది కాదు. ఫ్రాన్సు దేశములోని లియాన్ నగరవాసి జకార్డు 1804లో రూపొందించిన సాధనమే నేటికిని మన చద్దరు మగ్గములపై నున్నది. చద్దరు అంచున పేరు నేయవలెనన్నచో మొదట దానిని గ్రాఫు కాగితముపై గడులు గడులుగా గీయుదురు. గడి ననుసరించి అట్టలకు రంధ్రములు కొట్టుదురు. రంధ్రమున్నచోట పడుగుపోగు లేచును, లేనిచోట క్రిందనే నిలుచును. ఆ సందులో పేక నడచును. తిన్నని గీతలకు ఈ పద్ధతిలో ఏ ఇబ్బందియు లేదు. దేవనాగరి శిరోరేఖ ఒక వరుస గడులను నింపినంతనే వచ్చును. తెలుగు సున్నను నేయబోయినచో వంపు మెట్లుమెట్లుగా మారును. గడులు సన్నవైన కొలది మెట్లు కనబడక వంపు నున్ననగును. కాని అట్టలు పెరుగును, ఖర్చును పెరుగును. చద్దరుపై తెలుగు పేరు అరుదుగా కనబడుటకు వ్యాపార కారణములు వేఱుగా నున్నను, ఈ గడుల లెక్క కూడ తెలిసియుండుట మంచిది.

కంప్యూటరు తెరయు గడుల కాగితమువంటిదే. అక్షరము చుక్కల కూర్పుగానే తెరపై కనబడును. కాని ఫాంటులో దాచియుంచునది చుక్కలను కాదు. వంపులను, ఆ వంపులను నిలుపు కొన్ని బిందువులను. చిన్న అక్షరము కావలసినపుడు కొలది చుక్కలుగాను, పెద్ద ఫ్లెక్సు కావలసినపుడు వేల చుక్కలుగాను యంత్రము అప్పటికప్పుడు మార్చుకొనును. కనుకనే ఒకే ఫాంటు పెన్నుపై పేరునకును, రథమునకు కట్టు ఇరువదడుగుల పటమునకును పనికివచ్చును.

బాలూ తమ్ముడు మన భాషలో ఉల్లాసపు అక్షరములకు మొదటిది యని ఎవరును భ్రమపడరాదు. చిత్రకారుడు బాపు (1933–2014) చేతివ్రాత తెలుగువారికి పరిచితమే. పుస్తకముల అట్టలపై, వ్యంగ్యచిత్రములలో ఆయన అక్షరములు బొమ్మలతో సమానముగా నవ్వుచుండెను. ఆ దస్తూరిని అనుసరించి ఫాంటులు కూడ వచ్చినవి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో పెండ్లి పత్రికకు ఆ అక్షరములే కావలెనని పట్టుపట్టువారు నేటికిని కలరు. ఆ పిమ్మట 2013 ప్రాంతమున సిలికానాంధ్ర సంస్థ అనేక తెలుగు ఫాంటులను ఉచితముగా అందించెను. పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ అను పేర్లతో అష్టదిగ్గజములు మఱల కొలువుతీరిరి. వానిలో రామభద్ర లావైన శీర్షికల అక్షరము. మల్లన్న వార్తాపత్రికలకు ఉద్దేశించినది. అందముతో మాత్రమే పోల్చినచో మాకు బాపు దస్తూరియే ఎక్కువ ప్రియము. కాని అది ఒంటరి వీరుడు. దానికి మరాఠీ జోడీ లేదు. మన ఊరి కాగితమున కొక జోడీ కావలెను. అందుచేత ఇచ్చట తమ్మునికే మా ఓటు.

అయినను ప్రతిచోట దీనిని వాడరాదు. సంతాప పత్రికను బాలూలో అచ్చువేసినచో చచ్చినవారింట గిలక వాయించినట్లుండును. ప్రశంసాపత్రమునకు తగదు. రెండు పేజీల వ్యాసమును ఇందులో కూర్చినచో చదువరి కన్ను మూడవ వాక్యమునకే అలయును. ఇవి శీర్షికల అక్షరములు, నడిపేజీ అక్షరములు కావు. మొదట ఒకే లావులో వచ్చిన ఈ కుటుంబము ‘బాలూ 2’ అను రెండవ వరుసలో ఐదు లావులలో లభించుచున్నది. పలుచనివానిని చిన్న వాక్యములకు వాడుకొనవచ్చును. ఈ ఫాంటులను దింపుకొనుటకు గాని, అచ్చునకు వాడుటకు గాని రుసుము లేదు. కావలసినచో మార్చుకొనుటకును అనుమతి కలదు. ఫాంటును మాత్రమే విడిగా అమ్ముకొనరాదు.

అచ్చువేయు చోటికి వెళ్లునపుడు తల్లిదండ్రులు గమనింపవలసిన సంగతులు రెండు. మాటలను యూనికోడ్ పద్ధతిలో టైపు చేయించవలెను. పాతకాలపు ఫాంటులలో టైపు చేసినది మఱొక ఫాంటులోనికి మార్చగనే అర్థములేని రోమను అక్షరముల కుప్ప యగును. యూనికోడ్‌లోనైనచో ఫాంటును ఎన్నిమార్లు మార్చినను మాట చెడదు. ఇక రెండవది, అచ్చునకు పంపుటకు ముందు ఒత్తులను చూడుడు. కొన్ని చిత్రరచనా సాఫ్టువేరులలో తెలుగు సరిగా అమరదు. ‘పద్మశాలి’ యని యుండవలసినది ‘పద్‌మశాలి’ యని విడిపోవును. మా కంటబడిన యొక సభాపత్రికలో పెద్దల ఇంటిపేర్లు సగము ఇట్లే విఱిగియుండెను. మరాఠీ పేర్లను నలుగురు చదివి దిద్దిరట. తెలుగును చదివి చూచినవా రొక్కరును లేరట.

ఇచ్చట మనసున కష్టము కలిగించు విషయ మొకటి చెప్పక తప్పదు. మన తల్లిదండ్రులలో చాలమంది తెలుగు చక్కగా మాట్లాడుదురు గాని చదువలేరు. వారి చదువు మరాఠీలో సాగినది. బిడ్డ తెలుగు పుస్తకమును తెఱచినపుడు వారు ప్రక్కకు తొలగుదురు. అట్టివారికి మేము సూచించునది పెద్ద పుస్తకము కాదు. వంటింటి డబ్బాలపై రెండు లిపులలోను చీటీలు అంటింపుడు. మరాఠీ పేరు బాలూలో, దాని ప్రక్కన తెలుగు పేరు బాలూ తమ్ముడులో, సమానమైన లావుతో. ‘ఉప్పు’ అనుచోట పకారము క్రింద ఒత్తు, ‘చింతపండు’ అనుచోట రెండు సున్నలు, ‘శేంగా చట్నీ’ అనుచోట టకారము క్రింద నకారపు ఒత్తు. మరాఠీ మాటను తెలుగు అక్షరములలో వ్రాయుట తప్పు గాదా యని పండితులు అడుగుదురేమో; సోలాపూరు వంటింటిలో దానికి వేఱొక పేరు లేదు. అమ్మ రోజునకు పదిమార్లు ఆ డబ్బాను తీయును. లిపి తెలిసిన బిడ్డ వేలుపెట్టి చూపును.

విద్యార్థులు ఈ నెలలో చేయవలసిన పని యిది. గ్రాఫు కాగితముపై ‘మార్కండేయ’ అను పదమును మరాఠీలో ఒక వరుసను, తెలుగులో ఒక వరుసను గడులు నింపి వ్రాయుడు. అక్షరపు ఒడలికి రెండు వరుసలలోను ఎనిమిదేసి గడుల ఎత్తు ఉంచుడు. మరాఠీ వరుసకు పైన నాలుగు గడులు, తెలుగు వరుసకు క్రింద ఐదు గడులు విడువుడు. సున్నను నింపునపుడు మూలలలోని గడులను వదలిపెట్టినచో వంపు వచ్చును. ఇంట మగ్గమున్నవారు కాగితమును నాన్నగారికి గాని తాతగారికి గాని చూపి, ఇన్ని గడులకు ఎన్ని అట్టలు కావలెనో అడిగి, ఆ సంఖ్యను కాగితము వెనుక వ్రాసి తీసికొనిరండు.